పాప ‘వీక్’ అంటున్నారు: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ముందు ఏం చూడాలి?

ప్రశ్న క్లుప్తంగా: ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు. ఇంట్లో తెలుగు, బడి ఒడియా మీడియం. పాప మూడో తరగతి. వీధిలో పిల్లలతో ఒడియా గడగడా మాట్లాడుతుంది. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం అన్నిటికీ తక్కువ గ్రేడే. గురుమా (టీచరమ్మ) ‘వీక్’ అంటున్నారు, వెనక వరసలో కూర్చోబెట్టారు, ఇంకో ఏడాది మూడులోనే ఉంచుదామంటున్నారు. బడి మార్చాలా, ఇంట్లో తెలుగు మానెయ్యాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. మూడో తరగతిలో పాపను ఆపే అధికారం బడికి లేదు. ఇంట్లో తెలుగు మానకండి. బడి ఇప్పుడే మార్చకండి. ముందు రెండు వారాలు ఓపిగ్గా కూర్చుని ఒక సంగతి తేల్చండి. పాపకు రానిది లెక్కా? చదవడమా? పుస్తకంలోని ఒడియానా? లేక క్లాసులో నోరు విప్పే వీలే దొరకడం లేదా? ఈ నాలుగూ వేరు వేరు. దేనికి చేయాల్సిన పని దానిది. బడి మాత్రం నాలుగింటినీ ఒకే మాటలో ‘వీక్’ అని రాసేస్తుంది.

ఆపడం గురించి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ మొదట ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఎవరినీ ఆపకూడదని చెప్పింది. 2019లో దాన్ని సవరించారు. ఇప్పుడు 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పిన పిల్లలకు అదనంగా పాఠాలు చెప్పి రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితేనే, అదీ ప్రభుత్వం ఒప్పుకుంటేనే, ఆపే మాట వస్తుంది. మూడో తరగతికి ఇవేవీ వర్తించవు. ప్రైవేటు బడికీ ఇదే నియమం. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు మాత్రం 2014 సుప్రీంకోర్టు తీర్పు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. మీ పాప చదివేది అలాంటి బడేమో ముందే కనుక్కోండి. ‘మా ఇష్టంతోనే మళ్లీ అదే క్లాసులో ఉంచుతున్నాం’ అని తల్లిదండ్రుల చేత రాయించుకునే బడులున్నాయి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

‘వీధిలో ఒడియా బాగానే వస్తుంది కదా, మరి భాష ఇబ్బంది ఎక్కడిది?’ గురుమా ఇదే అని ఉంటారు. అన్యాయంగా అన్నదీ కాదు, చూసేవాళ్లకు అలాగే కనబడుతుంది. వీధి మాట ఒకటి, పుస్తకం మాట ఇంకొకటి. కెనడాలో జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1970ల చివరి నుంచి ఈ తేడా మీదే పనిచేశారు. వలస కుటుంబాల పిల్లలు కొత్త భాషలో రోజువారీ మాటలు రెండేళ్లలో పట్టుకుంటారు. పాఠం భాషలో ఆ భాష ఇంటి పిల్లలతో సమానంగా నిలవాలంటే మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ మధ్య కాలంలోనే చాలామందికి ‘తెలివి తక్కువ’ అన్న ముద్ర పడుతుంది. మాట బాగానే వస్తోంది కాబట్టి లోపం బుర్రలోనే ఉండి ఉంటుందని పెద్దలు అనుకుంటారు. మీ పాప ఆటలో ‘ఆఉ కెతె ఒఛి’ అని ఇంకా ఎన్ని ఉన్నాయో అడుగుతుంది. లెక్కల పుస్తకం అదే సంగతిని ‘అవశిష్ట’ ఎంత అని అడుగుతుంది. ఒడియా ఇంట్లో పిల్లలు ఆ మాటను పెద్దల నోట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. మీ పాప వినలేదు.

అంకెల పేర్లు చూడండి. ఇక్కడ చాలామంది మాస్టార్లే గమనించని చిక్కు ఉంది. తెలుగులో ఇరవై దాటాక అంకె పేరు తేలిక. ఇరవై తొమ్మిది అంటే ఇరవై ముందు, తొమ్మిది తర్వాత, పలికిన వరసలోనే రాసుకుంటూ పోవచ్చు. ఒడియాలో 29ని అణతిరిశ అంటారు, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. 39 అణచాళిశ, 49 అణచాశ. యాభై పచాశ. నోటి లెక్కల్లో మాస్టారు అణతిరిశ అనగానే తెలుగింటి పిల్ల చెవిలో ‘తిరిశ’ పడుతుంది, చెయ్యి 3తో మొదలుపెడుతుంది. జవాబు తప్పు. కూడిక రాక తప్పింది కాదు, అంకె పేరు అందక తప్పింది. నోట్‌బుక్‌లో మాత్రం రెంటికీ ఒకటే ఎర్ర గీత. ఒకటి నుంచి వంద దాకా ఒడియా అంకెల పేర్లు రోజుకు పది చొప్పున, తొమ్మిదితో ముగిసేవాటి మీద ఎక్కువ సమయం పెట్టి వల్లె వేయించండి. లెక్కల్లో మార్పు త్వరగా కనబడేది ఈ చిన్న పని వల్లే.

ఇంట్లో చేయాల్సిన పరీక్ష. ఒకేరోజు అన్నీ పెట్టకండి. పరీక్ష అన్న మాటే ఎత్తకండి. న్యూయార్క్‌లో విలియం లాబోవ్ 1960లలో నల్లజాతి పిల్లల మాట మీద చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని పెద్దాయన ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగితే ఒకటి రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. అదే పెద్దాయన తర్వాత చిప్స్ ప్యాకెట్ తెచ్చి, స్నేహితుణ్ని కూడా పిలిచి, నేల మీద చతికిలబడి కబుర్లు మొదలుపెడితే ఆ పిల్లవాడే ఎడతెగకుండా మాట్లాడాడు. కాబట్టి మీరు కూడా నేల మీదే కూర్చోండి, పక్కింటి పిల్లను కూడా కూర్చోబెట్టండి.

మొదట పాప వినని కథ ఒకటి తెలుగులో ఎనిమిది, పది వాక్యాల్లో చెప్పి మళ్లీ చెప్పమనండి. ‘ఎందుకు’ అనే ప్రశ్నలు రెండు అడగండి. వరస తప్పకుండా చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగితే వినడం, గుర్తుపెట్టుకోవడం, ఆలోచించడం బాగున్నట్టే. ఈ ఒక్కటి తేలితే సగం భయం పోతుంది.

తర్వాత లెక్కలు. పాప తరగతి లెక్కల్లోంచి ఒక్క మాట కూడా లేకుండా వట్టి అంకెలున్న లెక్కలు పది ఇవ్వండి. మర్నాడు ఐదు మాటల లెక్కలు తెలుగులో నోటితో చెప్పండి. ఇంకో రోజు అదే స్థాయి ఐదు లెక్కలు ఒడియా బాగా వచ్చిన పిల్ల చేత చదివించి అడిగించండి. చివరి రోజు ఇంకో ఐదు, పాపే పుస్తకంలో చదువుకుని చేయాలి. ఈ నాలుగు మార్కులనూ పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు అంకెల లెక్కలు పదికి ఎనిమిది, తెలుగులో ఐదుకు నాలుగు, ఒడియాలో వింటే మూడు, తానే చదివితే ఒకటి వచ్చాయనుకోండి. లెక్క వచ్చు, భాష కొంచెం తక్కువ, చదవడం బాగా తక్కువ అని అర్థం. అంకెల లెక్కలే పదికి మూడు వస్తే సంగతి వేరు. భాషను పక్కన పెట్టి, రెండో తరగతి కూడికలూ తీసివేతల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. తెలుగులో విన్నా, ఒడియాలో విన్నా ఒకేలా తప్పితే లెక్క అర్థం చేసుకోవడంలోనే చిక్కు ఉంది.

చదవడానికి, ఊళ్లలో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడే మెట్లు చాలు: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. అయిదు అక్షరాల్లో నాలుగు సరిగ్గా చెబితే ఆ మెట్టు దాటినట్టు, మాటలకూ అదే లెక్క. మూడో తరగతి పాప ఒడియాలో మాటల మెట్టు దగ్గర ఆగిపోతే, తరగతి పుస్తకంతో రోజూ కుస్తీ పట్టించడం వల్ల లాభం లేదు. ఆ మెట్టు నుంచి పైకి రోజుకు అరగంట చదివించాలి.

డిక్టేషన్ నోట్‌బుక్ తెరిచి తప్పులను మూడు కుప్పలు చేయండి. దీన్ని వదిలెయ్యకండి, బడిలో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఇదే.

మొదటి కుప్ప తెలుగు వల్ల వచ్చేవి. ‘ఘర’ అని రాసి ‘ఘొరొ’ అని పలుకుతారు ఒడియాలో. తెలుగు పిల్ల విన్నది విన్నట్టు రాయబోయి రెండక్షరాలకూ ఓత్వం పెడుతుంది. ఆ ఓత్వం తప్పే, కానీ ఆ చెవి సరైన చెవి. మన ఇళ్లలో ఒత్తులు గట్టిగా పలకం కాబట్టి ఘ బదులు గ, భ బదులు బ పడతాయి. ఒడియాలో జ అని పలికే అక్షరాలు రెండున్నాయి, అక్కడా తడబడతారు. ఇవన్నీ నియమం చెబితే పోయే తప్పులు.

రెండో కుప్ప ఒడియా ఇంటి పిల్లలూ చేసేవి. శ, ష, స మూడూ పలుకులో ఒకటే. హ్రస్వ ఇ, దీర్ఘ ఈ తేడా రాతలోనే తప్ప పలుకులో లేదు. వీటిని పాప మీదికి నెట్టకూడదు.

మూడో కుప్ప చూసి ఆగి ఆలోచించాలి. మాట మధ్యలో అక్షరం మాయం కావడం, అక్షరాల వరస తారుమారు కావడం, బోర్డు మీద ఉన్నది చూసి రాయడంలో కూడా తప్పులు, నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తు లేకపోవడం. ఇవి ఎక్కువగా ఉంటే ఏం చేయాలో కింద చెబుతాను.

వెనక బెంచీ సంగతి చిన్నదేమీ కాదు. అమెరికాలో రే రిస్ట్ ఒక క్లాసును కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా గమనించి 1970లో రాశారు. బడి మొదలైన ఎనిమిదో రోజుకే టీచరు పిల్లలను మూడు బల్లలకు విడగొట్టేశారు. ఏ పరీక్షా పెట్టలేదు. బట్టలు, ఒంటి శుభ్రం, మాట తీరు, ఇంటి పరిస్థితి చూసి పంచేశారు. మొదటి బల్ల పిల్లలకే ఎక్కువ పాఠం అందింది. రెండో తరగతికి వచ్చేసరికి ఆ పంపకమే ‘మార్కుల’ రూపంలో రుజువై కూర్చుంది. ఆ టీచరూ పిల్లలూ ఒకే జాతివాళ్లు, అందరూ నల్లవాళ్లే. అందుకే ‘మా గురుమా మనవాళ్లే, అలా చేయరు’ అనుకుని ఊరుకోకూడదు. మన దేశంలో హన్నా, లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన ప్రయోగం కూడా ఇదే చెబుతుంది. జవాబు పత్రాల మీద కులం పేరు లాటరీ పద్ధతిలో వేసి టీచర్లతో దిద్దించారు. తక్కువ కులం అని ఉన్న పత్రాలకు కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ కింది కులాల టీచర్లు దిద్దినప్పుడే అది ఎక్కువగా కనబడింది. దురుద్దేశం అక్కర్లేదు, అలవాటు చాలు. మన వైపు సవర పిల్లలకూ, రెల్లి పిల్లలకూ ఈ ముద్ర తెలుగు పిల్లలకంటే ముందే, గట్టిగా పడుతుంది. దాన్ని కూడా అడగాల్సింది మనమే.

టీచరు అంచనా పిల్ల చదువును మారుస్తుందా? 1968లో రోసెంతాల్, జాకబ్సన్ చేసిన ప్రయోగం నుంచి దీని మీద వాదన నడుస్తోంది. తర్వాతి లెక్కలు చూస్తే ప్రభావం ఉంది కానీ మొదట అనుకున్నంత పెద్దది కాదు. ఆ ప్రయోగాలన్నిటినీ కలిపి 1984లో రాడెన్‌బుష్ చూసినప్పుడు ఒక సంగతి తేలింది. పిల్లలతో టీచరుకు రెండు వారాలకు మించి పరిచయం ఉంటే, బయటి నుంచి చెప్పిన అంచనా పెద్దగా పనిచేయదు. మీకు దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. వచ్చే ఏడాది నాలుగో తరగతి మొదలైన తొలి వారంలోనే కొత్త టీచర్ను కలవండి. పాత ప్రోగ్రెస్ కార్డు వాళ్ల చేతికి వెళ్లకముందే పాపకు ఏం వచ్చో మీ నోటితో చెప్పండి. అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత వెళితే ఆలస్యమైనట్టే.

బడికి వెళ్లి ఏం అడగాలి. ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బడిలో ఒక్కో పిల్లను చూసే తీరిక నిజంగానే ఉండదు. ‘మా పాప ఎలా చదువుతోంది’ అని అడిగితే ‘వీక్’ అనే జవాబే వస్తుంది. ‘ఏ పాఠం దగ్గర ఆగింది, చదివి చెప్పమంటే ఆగుతోందా, రాయమంటేనా’ అని అడగండి. పిల్ల నేర్చుకునే తీరును అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో మాట్లాడటం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం టీచరు విధి. చట్టం పేరు మాత్రం మొదటి రోజే తీయకండి, మాట అక్కడే ఆగిపోతుంది. ఇంటి పరీక్ష మార్కులు, డిక్టేషన్ కుప్పలు చూపించి ఈ నాలుగు కోరండి.

వారానికోసారి వరసలు మారాలి. పాప ఒక్కదాన్నే ముందుకు తెమ్మంటే ఇంకో పిల్ల వెనక్కి పోతుంది.

రోజూ ఒక్క ప్రశ్నైనా పాపను అడగాలి, అడిగాక ఆగాలి. టీచర్లు మామూలుగా ప్రశ్న వేసి ఒక సెకను కూడా ఆగరని మేరీ బడ్ రో 1970లలో కొలిచి చూశారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండేవాళ్లు కూడా నోరు విప్పారు. మనసులో తెలుగులో అనుకుని ఒడియాలోకి తెచ్చుకునే పిల్లకు ఐదు సెకన్లు కావాలి.

మాటల లెక్కలు పరీక్షలో ఒకసారి పైకి చదివి వినిపించాలి. జవాబు చెప్పమని కాదు, చదవడం రాక లెక్క పోకుండా.

మార్కులు క్లాసులో పైకి చదవకూడదు. ఉత్తరప్రదేశ్‌లో హాఫ్, పాండే చేసిన ప్రయోగంలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు చిక్కుదారి బొమ్మలు పరిష్కరించారు. కులం పైకి చెప్పనప్పుడు అందరూ దాదాపు సమానంగా చేశారు. పేరుతో పాటు కులం అందరిముందూ చదివాక కింది కులాల పిల్లలు వెనకబడిపోయారు. అందరిముందూ ‘వీక్’ అనడం కూడా అలాంటిదే. మీరు కూడా బంధువుల ముందు, పాప వింటుండగా ‘మా పిల్ల చదువులో కాస్త వీకండీ’ అనకండి. పిల్లను కొట్టినా, అందరిముందూ అవమానించినా 17వ సెక్షన్ కింద నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. దానికి నెలలు ఆగక్కర్లేదు.

నెల రోజుల్లో ఏమీ జరగకపోతే హెడ్మాస్టరుకు కాగితం రాయండి. ఒడియాలో అర పేజీ చాలు. నకలు మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. తర్వాత స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. ప్రభుత్వ బడిలో ఆ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. ఆపైన క్లస్టర్ కోఆర్డినేటర్, బ్లాక్ విద్యాధికారి (బీఈఓ).

ఇంట్లో తెలుగు, తెలుగు మీడియం, నది అవతలి బడి. తెలుగులో ఆలోచన ముదిరిన పిల్లకు ఒడియా త్వరగా అందుతుంది. ‘మిగిలినది’ అంటే ఏమిటో తెలిసిన పిల్లకు ‘అవశిష్ట’ కొత్త పేరు మాత్రమే. మీకే సరిగ్గా రాని ఒడియాలో ఇంట్లో మాట్లాడితే పాపకు రెండు భాషలూ అరకొరగానే మిగులుతాయి. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లలకు తెలుగులో పాఠం ఎక్కదని గ్రహించి, తాను సవర నేర్చుకుని వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. అప్పుడు పిల్లల మీద పడిన బడి భాష మన తెలుగే. ఇప్పుడు ఒడిశా ప్రభుత్వం సవర, కోయ, కువి వంటి భాషల్లో తొలి తరగతులు నడుపుతోంది. తెలుగు ఆ జాబితాలోది కాదు, తెలుగువాళ్లకు భాషా అల్పసంఖ్యాకుల హక్కు ఉంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించే. 1949 నాటి విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న కొలత ప్రకారం తరగతిలో పది మంది లేదా బడిలో నలభై మంది ఉంటే ఆ భాషలో చెప్పే టీచర్ను అడగవచ్చు. ఒక్కరు అడిగితే కదలదు. పది కుటుంబాలు పేర్లు, తరగతులు రాసి సంతకాలతో ఇవ్వాలి. నా అభిప్రాయం అడిగితే, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే భూమి ఉన్న కుటుంబానికి ఒడియా మీడియంలో ఉంటూ తెలుగు చదవడం, రాయడం పక్కన నేర్పించడం మంచిది.

మహేంద్రతనయ దాటి పాతపట్నంలో ఇంగ్లీషు మీడియంలో వేద్దామనుకునేవాళ్లు రెండు చూసుకోవాలి. కుల ధ్రువపత్రం రాష్ట్రానికి రాష్ట్రం మారుతుంది, అక్కడి జాబితాలో మీ కులం ఏ వర్గంలో ఉందో చూడండి. కాలేజీ సీట్లలో ఆంధ్రలో స్థానికతకు వరసగా నాలుగేళ్ల చదువును చూస్తారు, మధ్యలో అటూ ఇటూ మారిస్తే రెండు చోట్లా చిక్కే. అదీ కాక, రెండు భాషల మధ్య ఉన్న పిల్లకు మూడోది తగిలించడం ఈ వయసులో అవసరం లేని బరువు.

నిజమైన ఇబ్బంది ఉంటే. మూడో కుప్ప తప్పులు ఎక్కువగా ఉండి, తెలుగు కథ కూడా తిరిగి చెప్పలేకపోతే ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనబడని పిల్లలూ, చెవిలో చీముతో సగమే వినబడే పిల్లలూ ‘వీక్’ జాబితాలో ఉంటారు. బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి చెప్పండి, వాళ్లు జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. అక్కడా ఏమీ లేదంటే నేర్చుకోవడంలో ప్రత్యేక వైకల్యం ఉందేమో పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. ఆ పరీక్ష ఎనిమిదేళ్లు దాటాక చేస్తేనే నమ్మదగ్గది. మీ పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో ఒడియా చదువుతుంది అని పరీక్ష చేసేవాళ్లకు ముందే చెప్పి, రెండు భాషల్లోనూ చేయమని అడగండి. ఒడియాలో మాత్రమే చేస్తే భాష రాకపోవడం కూడా వైకల్యంలాగే కనబడే ప్రమాదం ఉంది.

మహారాష్ట్రలోని సిరొంచ, దెగ్లూరు వైపు నుంచి చదువుతున్నవాళ్లకు: పరీక్షలన్నీ ఇవే, ఒడియా ఉన్నచోట మరాఠీ పెట్టుకోండి. అంకెల చిక్కు మీకూ ఉంది, 29 ఏకోణ్‌తీస్, 39 ఏకోణ్‌చాళీస్. మాట చివరి అచ్చును మరాఠీ మింగేస్తుంది, మన పిల్లలు దాన్ని లాగి పలుకుతారు, దాన్ని మొదటి కుప్పలో వేయండి. కాగితం కేంద్ర ప్రముఖ్‌కు, తర్వాత గట శిక్షణాధికారికి వెళుతుంది. మహారాష్ట్రలో 5, 8 తరగతులకు వార్షిక పరీక్ష ఉంది కాబట్టి, మీ పిల్లలు నాలుగులో ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.